రంగు మాట ఎత్తకూడదు

శుక్రవారం

బిడ్డని ఇంటికి తెచ్చేశాం. తెచ్చేశాం అనడం మర్యాద కోసం. నిజానికి పంపేశారు. నిన్న పొద్దున పుట్టిన పసివాడు ఈ సాయంత్రానికల్లా ఆసుపత్రి గేటు బయట ఉన్నాడు. మంచం ఖాళీ చెయ్యాలట. నొప్పులు పడుతున్న ఇంకో అమ్మాయి వరండాలో గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఆ అమ్మాయిని చూశాక నోరు పెగల్లేదు కానీ, లేకపోతే ఆ సూపరింటెండెంటుని అక్కడే కడిగి పారేసేవాణ్ణి. ఊరు రెండింతలు పెరిగింది, మంచాలు మాత్రం అప్పటివే. దీని మీద రాయాలి.

పిల్లల్ని చూడాల్సిన కుర్ర డాక్టరు నడక కూడా ఆపలేదు. ట్యూబ్‌లైటు కింద దుప్పటి అంచు ఒకసారి ఎత్తి, "బాగున్నాడు, పాలు పట్టండి" అని మలుపు తిరిగి పోయాడు. సంతలో గుమ్మడికాయని కూడా ఇంతకంటే శ్రద్ధగా చూస్తారు. చేతిలో ఒక రంగుల కాగితం పెట్టారు, బిడ్డ సంరక్షణ అని. దాని మీద బొమ్మల్లో పిల్లలంతా గులాబీ రంగువాళ్ళే. ఆ వార్డులో పుట్టిన ఒక్క బిడ్డయినా ఆ రంగులో ఉన్నాడా? ఎవరి పిల్లల కోసం అచ్చేశారు దాన్ని? నాలుగు మడతలు పెట్టి, కొట్టుకుంటున్న కిటికీ రెక్క సందులో దోపాను. ఆ మాత్రానికి పనికొచ్చింది.

నా కూతురు అమ్మడు అలసిపోయింది. బుడ్డోడు మాత్రం నల్లగా, నిగనిగలాడుతూ, పిడికిళ్ళు బిగించి అచ్చం నాలాగే ఎవరితోనో తగువుకి సిద్ధంగా ఉన్నాడు.

శనివారం

వియ్యపురాలు వచ్చింది. అల్లుడు సెలవు పెట్టుకుని దగ్గరే ఉన్నాడు. మంచివాడే, రంగుల దుకాణంలో పని. గోడలకి వేసే రంగులు కలిపి ఇస్తాడు. జేబులో ఎప్పుడూ ఆ షేడ్ కార్డు ఉంటుంది, చిన్న చిన్న రంగు ముక్కలు అతికించినది.

గదిలోకి రాగానే ఆవిడ చేసిన మొదటి పని బిడ్డని ఎత్తుకుని అటూ ఇటూ తిప్పి చూడడం.

"అన్నయ్యగారూ, చూశారా? పుట్టినప్పుడు నల్లగా ఉన్నాడన్నారు. ఇప్పుడు చూడండి, రంగు తేలుతున్నాడు. ఈ పసిమి చూడండి బుగ్గల్లో! మా వైపుకి వచ్చేస్తున్నాడు."

"చెల్లెమ్మా, వాడు ఎవరి వైపూ రాడు. వాడేం నియోజకవర్గం కాదు."

"అదేంటండీ, మంచి మాటేగా అన్నాను!"

అల్లుడు నవ్వుతూ షేడ్ కార్డు తీసి బిడ్డ చెంప పక్కన పెట్టాడు. "అమ్మా, ఈ షేడ్ మా దగ్గర లేదు. నిన్న ఒకటుంది, ఇవాళ ఇంకోటుంది. ఫ్యాక్టరీకి రాయాలి." ఆవిడా నవ్వింది. మంచం మీద అమ్మడు కూడా నవ్వింది.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

అమ్మడు రెండో తరగతిలో ఉండగా బడి వార్షికోత్సవానికి ఒక టీచరమ్మ దాని ముఖానికి చెవుల దాకా తెల్ల పౌడరు కొట్టింది. "స్టేజీ మీద కనిపించాలిగా" అంది. ఇంటికొచ్చాక పిల్ల ముఖం కడుక్కోనంది. పౌడరు పోతే మళ్ళీ కనిపించనంది. వాళ్ళమ్మ పోయి అప్పటికి ఏడాదయినా కాలేదు. ఆ రాత్రి తడిగుడ్డతో దాని ముఖం తుడిచింది నేను. నేను రాసే ప్రతి వాక్యం వెనకా ఆ తడిగుడ్డ ఉంది. ఇప్పుడు దాని కొడుక్కి పుట్టీ పుట్టగానే చెంప పక్కన కార్డు పెడతారా?

ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. అల్లుడు కార్డు జేబులో పెట్టేసుకున్నాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ వేడిలోనే పెద్ద కాగితం తీసి, లావు పెన్నుతో రాసి, గది తలుపుకి అతికించాను:

ఈ ఇంట్లో బిడ్డ రంగు మాట ఎత్తకూడదు. పొగడ్తకైనా సరే.

"నాన్నా, మరీ బోర్డేంటి?" అంది అమ్మడు.

"ఉండాలి. మాటకి సిగ్గు లేకపోతే తలుపుకైనా ఉండాలి."

వారపత్రికకి వ్యాసం ఏకబిగిన రాసి పంపేశాను. పేరు 'ఊయలకి రంగెందుకు?' ఈ మధ్య ఇంత బాగా కుదిరింది లేదు.

ఆదివారం

బోర్డు పనిచేస్తోంది. పక్కింటావిడ చూడడానికి వచ్చి, "అబ్బ, ఎంత..." అని, తలుపు చూసి, "...చక్కగా నిద్రపోతున్నాడో!" అని ముగించింది. వాక్యాన్ని మధ్యలో మళ్ళించడం మనుషులకి వచ్చు. ఇన్నాళ్ళూ అవసరం రాలేదంతే.

నిద్ర మాట నిజమే. గొడవ పెట్టే రకం కాదు వీడు. పాలకి లేపినా రెండు గుక్కలు తాగి మళ్ళీ కళ్ళు మూసేస్తాడు. అమ్మడూ అంతే, చిన్నప్పుడు. కాదు, అమ్మడు గుక్కపెట్టేది. సరే, వీడు వేరు.

ఎదురు మేడవాళ్ళు తొంగి చూస్తున్నారని గది కిటికీకి తెర వేయించాను. పాతది, ముదురు పసుపు. ఆ వెలుతురులో అందరం ఒకేలా ఉన్నాం. సమానత్వం అంటే ఇదేరా అని బుడ్డోడికి చెప్పాను.

సోమవారం

వియ్యపురాలు బిడ్డని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. "అన్నయ్యగారూ, బాబు ముఖం కొంచెం..." అని మొదలుపెట్టింది. మాట్లాడకుండా బోర్డు వైపు వేలు చూపించాను. ఆవిడ నాలుక కరుచుకుంది. "సరేలెండి, మీ ఇల్లు, మీ చట్టం" అని లేచి వంటింట్లోకి వెళ్ళింది.

రెండు రోజుల కిందట రంగులు వల్లించిన మనిషి! మార్పు రాదంటారు. వస్తుంది. గట్టిగా నిలబడాలి.

పాలు సరిగా తాగడం లేదని అమ్మడు కంగారు పడుతోంది. ఉచ్చ గుడ్డలు కూడా తక్కువ తడుస్తున్నాయంది. బాలింతని ఊరికే భయపెడుతుంది ఈ లోకం, నువ్వు భయపడకు అన్నాను. నేనన్నది తప్పా? భయపెట్టి బతికే వ్యాపారాలు ఎన్ని లేవు?

మంగళవారం

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

పొద్దున అమ్మడు బాల్కనీలోంచి పిలిచింది. గొంతులో ఏదో తేడా ఉంది. వెళ్ళి చూస్తే బిడ్డని పగటి వెలుతురులో రెండు చేతుల మీదా పట్టుకుని నిలబడి ఉంది.

"నాన్నా, రంగు గురించి మాట్లాడాలి. నీ అనుమతి ఉందా?"

"ఏంటే ఆ వెటకారం?"

"ఇటు చూడు." వాడి ఛాతీ మీద వేలితో నొక్కి తీసింది. వేలు తీసిన చోట చర్మం పసుపుపచ్చగా పాలిపోయింది. పొట్ట మీద నొక్కింది. తొడ మీద నొక్కింది. పాదం తిప్పి చూపించింది. పెదవి కిందకి లాగితే చిగుళ్ళూ అదే రంగు. రెప్ప ఎత్తింది. కంటిలో తెల్లగా ఉండాల్సింది తెల్లగా లేదు. ఇంత చేస్తున్నా వాడు ఏడవలేదు. నిన్నటి దాకా ఆ ఏడవకపోవడానికే బుద్ధిమంతుడని మురిసిపోయాను.

"పచ్చకామెర్లు నాన్నా ఇవి. నాకు నిన్నటి నుంచీ అనుమానం. ఈ దిక్కుమాలిన తెర వల్ల ఏదీ తెలియలేదు."

"నిన్ననే చెప్పొచ్చుగా!"

అది నా వైపు చూసింది. తలుపు కూడా చూపించలేదు. చూపించినా బాగుండేది.

ఆటోలో అల్లుడు ముందు కూర్చున్నాడు. వియ్యపురాలు, "కాస్త పొద్దుటెండలో పెడితే పోయేదేమో" అంది. "ఇప్పుడా చెప్పడం?" అని నేనరిచాను. డ్రైవరు బండి ఆపబోయాడు, తననే అంటున్నాననుకుని.

అదే ఆసుపత్రి. ఈసారి డాక్టరమ్మ కూర్చుని చూసింది, బిడ్డ ఒంటి మీది గుడ్డలన్నీ తీయించి, కిటికీ దగ్గర. రక్తం తీసి పరుగున పంపించింది. తరవాత మమ్మల్ని అడిగింది.

"ఎప్పటి నుంచి పచ్చగా ఉన్నాడు?"

అల్లుడు నా వైపు చూశాడు. నేను వియ్యపురాలి వైపు చూశాను. ఆవిడ నేల వైపు చూసింది.

"ఇంట్లో ఇంతమంది పెద్దవాళ్ళున్నారు. ఎవరూ చూడలేదా?"

"చూశామండీ" అంది వియ్యపురాలు. "శనివారం నాడే చూశాను. రంగు తేలుతున్నాడనుకుని సంబరపడ్డాను. నిన్న మాత్రం ఇది మంచి రంగులా లేదే అనిపించింది. కానీ అన్నయ్యగారి ఇంట్లో రంగు మాట ఎత్తకూడదు. బోర్డు ఉంది."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. "బోర్డా?"

నా నలభై ఏళ్ళ ఉపన్యాసాల్లో ఒక్క మాటా సాయానికి రాలేదు.

"అమ్మా, పుట్టిన మొదటి రోజే పచ్చబడితే గంట కూడా ఆగకూడదు. ఆ తరవాత కనిపించినా ఎవరికో ఒకరికి చూపించి తీరాలి. చాలామంది పిల్లలకి వస్తుంది, చాలామందికి దానంతట అదే పోతుంది. కానీ ఏది పోయేదో ఏది పోనిదో రక్తం చూస్తేనే తెలుస్తుంది, కంటితో కాదు. పచ్చదనం ముఖం దాటి పొట్టకీ కాళ్ళకీ దిగుతున్నా, బిడ్డ పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా, గుడ్డలు తడవకపోయినా, ఏడుపు కీచుమంటున్నా పరుగెత్తుకు రావాలి. మన పిల్లల ఒంటి మీద త్వరగా తెలియదు. కళ్ళు, చిగుళ్ళు, అరచేతులు, అరికాళ్ళు చూడాలి."

"ఎండలో పెడితే..." అంది వియ్యపురాలు.

"ఎండని నమ్ముకుని ఇంట్లో కూర్చుంటే ఆలస్యమే తప్ప వైద్యం కాదమ్మా."

కాగితాలు తిరగేసి ఆగింది. "తల్లి రక్తం 'ఓ' గ్రూపు. బిడ్డది 'బి'. ఇలా రెండూ పడనప్పుడు కామెర్లు తొందరగా, గట్టిగా రావచ్చు. పంపించే ముందే పరీక్ష చేసి, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పి పంపాలి."

దొరికింది. నాకు గొంతు తిరిగొచ్చింది. "మరి చెప్పలేదే! దుప్పటి అంచు ఎత్తి పంపేశారే! ఆ కాగితం మీద బొమ్మ ఒక్కటంటే ఒక్కటి మా పిల్లాడిలా ఉందా? పచ్చబడడమంటే మీ లెక్కలో గులాబీ పిల్లలు పచ్చబడడమేనా? మా వాడు పచ్చబడితే ఎలా ఉంటాడో మాకెవరు చెప్పాలి?"

వరండా అంతా తిరిగి చూసింది. ఆవిడ నా అరుపంతా విని, "చెప్పాల్సిందండీ. మాదే తప్పు" అంది.

అంతే. ఎదురు వాదించలేదు. గడియ లేని తలుపుని బలంగా తోసినట్టు నేనే ముందుకి తూలిపడ్డాను.

"ఇప్పుడేమవుతుంది?" అడిగింది అమ్మడు.

"లైటు కింద పెడతాం. తగ్గకపోతే రక్తం మార్చాలి. రక్తం మార్చాల్సిన గీతకి చాలా దగ్గరలో ఉన్నాడు. ఈ పచ్చదనం మెదడుకి ఎక్కకూడదు. ఎక్కితే వినికిడి పోవచ్చు, ఇంకా చాలా పోవచ్చు. మీరు ఇవాళ తెచ్చారు. అది మంచి పని."

ఇవాళ.

బుధవారం

నీలం లైటు. గాజుపెట్టె. కళ్ళకి గంతలు. నేను చూడలేను.

బుధవారం, సాయంత్రం

చూశాను. ఎంతసేపని బయట కూర్చుంటాను?

ఒంటి మీద డైపరు తప్ప ఏమీ లేకుండా నీలం వెలుతురులో పడుకుని ఉన్నాడు. ఆ వెలుతురులో వాడిది ఏ రంగో ఎవరూ చెప్పలేరు. పాలకి తీసినప్పుడు గంతలు విప్పి అమ్మడు వాడి చెవి దగ్గర ఏదో గొణుగుతోంది, ఆపకుండా. వాడికి వినిపిస్తోందా అన్న ప్రశ్న మా నలుగురిలోనూ ఉంది. ఎవరూ అడగడం లేదు. బోర్డు అక్కర్లేని నిషేధం ఇది.

వరండాలో అల్లుడితో గొడవైంది. మొదలుపెట్టింది నేనే.

"రోజంతా రంగులు కలిపేవాడివి! కన్నకొడుకు చెంప పక్కన కార్డు పెట్టి మరీ చూశావు. నిన్న ఒకటి, ఇవాళ ఒకటి అన్నావు. నీకు తెలియలేదా?"

"తెలియలేదు మామయ్యా. మా అమ్మ సంబరపడింది, నేనూ సంబరపడ్డాను. తెల్లబడుతున్నాడనే అనుకున్నాను. నాది బుద్ధి తక్కువే, ఒప్పుకుంటాను." తల ఎత్తాడు. "కానీ ఆ తరవాత అనుమానం వచ్చినప్పుడు ఎవరితో అనాలి? మీరు మమ్మల్ని తప్పు మాట మాట్లాడొద్దనలేదు. అసలు మాటే వద్దన్నారు."

"నేను దేనికోసం అన్నానో నీకు తెలుసు."

"తెలుసు. అందుకే ఊరుకున్నాం. మీరు చెడ్డవారయితే మీ మాట వినేవాళ్ళమే కాదు."

టీ తెస్తానని వెళ్ళిపోయాడు. తెచ్చాడు కూడా. చక్కెర లేకుండా, నాకు కావలసినట్టే. దాంతో ఇంకా కోపం వచ్చింది.

గురువారం

వారపత్రిక వచ్చింది. 'ఊయలకి రంగెందుకు?' చుట్టూ గీతల పెట్టె కట్టి అచ్చేశారు. పొద్దుటి నుంచీ ఫోన్లు. "అదరగొట్టారు సార్! ఆ బోర్డు సంగతి చదివి మా ఇంట్లో కూడా పెట్టాం సార్!"

తీసెయ్యవయ్యా బాబూ, తీసెయ్, అని అరిచాను. లైను కట్టయిందనుకున్నాడు, మళ్ళీ చేశాడు.

రక్తం మార్చక్కర్లేదట. పరీక్షలో కామెర్ల లెక్క దిగుతోంది.

దిగుతోంది.

శుక్రవారం

కొత్త వ్యాసం మొదలుపెట్టాను. ఆసుపత్రిని వదలను. బిడ్డని ఒక్కరోజులో గెంటడం, గ్రూపు తెలిసి కూడా నోరు విప్పకపోవడం, గులాబీ బొమ్మలు. కిటికీ సందులోంచి ఆ కాగితం తీసి చదివాను. చర్మం పసుపుగా మారితే డాక్టరుని కలవండి అని ఒక మూల ఉంది. పక్కన గులాబీ పిల్లాడు నిమ్మపండయ్యాడు. చిగుళ్ళ ఊసు లేదు, అరికాళ్ళ ఊసు లేదు. చదివి ఉంటే మాత్రం మా నల్లపిల్లాణ్ణి దాంట్లో వెతుక్కోగలిగేవాళ్ళమా? ఇది నిర్లక్ష్యం కాదు. ఎవరు బిడ్డ, ఎవరు కాదు అన్న లెక్క. గట్టిగా రాశాను.

అమ్మడు చదివింది. "బాగుంది. బోర్డు గురించి రాయలేదేం?"

చోటు సరిపోలేదన్నాను.

శనివారం

చోటు సరిపోలేదు.

ఆదివారం

లైటు తీసేశాక మళ్ళీ పెరగలేదు. ఇంటికి పంపుతారు. ఈసారి మళ్ళీ ఎప్పుడు చూపించాలో నోటితోనూ చెప్పారు, కాగితం మీదా రాసిచ్చారు. రెండుసార్లు చదివించి విన్నాను.

వినికిడి పరీక్ష చేశారు. చెవిలో చిన్న గొట్టం పెట్టి, ఒక పెట్టె వైపు చూస్తూ కూర్చుంది పరీక్ష చేసే అమ్మాయి. నలుగురం కూడా ఆ పెట్టె వైపే చూశాం. "రెండు చెవులూ బాగున్నాయి" అంది. వియ్యపురాలు, "బాగుండక, వాళ్ళ తాత అరుపులకి చెవులు ముందే మేలుకున్నాయి" అంది. నేను నవ్వబోయాను. ఏడుపొచ్చింది.

సోమవారం

వ్యాసం మళ్ళీ రాశాను. మొదటి వాక్యం: 'మా ఇంటి తలుపుకి నేనొక బోర్డు పెట్టాను.' మిగతాది, ఆసుపత్రి మీద రాసినది, ఒక్క అక్షరం తగ్గించలేదు. నా తప్పు ఒప్పుకుంటే వాళ్ళది చిన్నదవుతుందా? ఎందుకవుతుంది?

సంపాదకుడు ఫోన్ చేశాడు. "మొదటి పేరా మీ వాదనని బలహీనపరుస్తోందండీ. తీసేద్దామా? పోయిన వారమే గదా ఆ బోర్డుని పొగుడుతూ వేశాం."

"తీస్తే నీ కాళ్ళు విరుగుతాయి" అన్నాను.

మంగళవారం

పసుపు తెర పీకేశాను. ఎదురు మేడవాళ్ళు చూస్తే చూడనీ. చూసి చెప్పనీ.

బోర్డు కూడా పీకబోతుంటే అమ్మడు ఆపింది. నా లావు పెన్నే తీసుకుని 'మాట ఎత్తకూడదు' కొట్టేసింది. పైన రాసింది: 'చూసి చెప్పాలి'. పొగడ్తకైనా సరే అన్నదాన్ని కూడా కొట్టేసి, 'పొగడ్త అక్కర్లేదు' అని రాసింది. అది నా కూతురే.

పొద్దున వియ్యపురాలు స్నానం చేయించిన బిడ్డని తువ్వాలులో చుట్టి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. వెలుతురు నేరుగా పడుతోంది. ఆవిడ ఛాతీ మీద నొక్కి చూసింది. పాదం తిప్పింది. పెదవి లాగింది. వాడు కాళ్ళు తన్నుతూ ఇల్లెగిరిపోయేలా గుక్కపెట్టాడు.

గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఏం రంగున్నాడు చెల్లెమ్మా?"

ఆవిడ వెనక్కి తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు, ముఖం నిండా నవ్వు.

"నల్లగా ఉన్నాడు అన్నయ్యగారూ. నల్లగా, నిగనిగలాడుతున్నాడు."